మందు పడలేదంటే తాయెత్తు కట్టాలా?

రోడ్డు మీద ఎవరైనా ఫిట్స్ వచ్చి పడిపోతే మన ఊళ్ళల్లో అందరూ ముందు వెతికేది తాళంచెవుల గుత్తి. బిగుసుకున్న వేళ్ళను బలవంతంగా విప్పి ఇనుము ఇరికిస్తారు. ఒకరు ఉల్లిపాయ చితక్కొట్టి వాసన చూపిస్తారు, ఇంకొకరు పళ్ళ మధ్య చెంచా దూర్చబోతారు. కాసేపటికి మనిషి సద్దుమణుగుతాడు. ఇనుమే కాపాడిందని చుట్టూ ఉన్నవాళ్ళు నమ్ముతారు. కానీ చాలావరకు ఫిట్స్ ఒకటి నుంచి మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి. ఇనుము పెట్టినా ఆగుతాయి, పెట్టకపోయినా ఆగుతాయి. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తటిదేదైనా పెట్టాలి, నోట్లో ఏమీ కుక్కకూడదు. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. చేయాల్సింది ఇంతే.

ఇనుము సంగతి ఆ రెండు మూడు నిమిషాలతో పోతుంది. నన్ను ఎక్కువగా కలచివేసేది ఆ తర్వాత జరిగేది. ఆస్పత్రికి వెళ్ళి, మాత్రలు మొదలుపెట్టి, అవి పడక, విసిగిపోయి తాయెత్తు దగ్గరకు చేరే కుటుంబాలు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. వాళ్ళను మూఢులని కొట్టిపారేయడం అన్యాయం. వాళ్ళు చెప్పే బాధ నిజమైనదే. ఫెనిటాయిన్ ఏళ్ళ తరబడి వాడిన అమ్మాయికి చిగుళ్ళు వాచి పళ్ళ మీదికి పెరుగుతాయి, మొహం మీద వెంట్రుకలు వస్తాయి. ఫినోబార్బిటాల్ వేసుకున్న కుర్రాడు క్లాసులో తూగుతాడు. వాల్ప్రోయేట్‌తో ఒళ్ళు వస్తుంది, జుట్టు రాలుతుంది, చేతులు వణుకుతాయి. టోపిరమేట్ వాడేవాళ్ళకు మాట్లాడుతుండగానే తెలిసిన మాట నోటికి రాదు. నెమ్మదస్తుడైన పిల్లవాడు లెవిటిరాసిటామ్ మొదలుపెట్టాక కోపంతో కంచం విసిరికొడితే, వీడికేదో పట్టిందని నాయనమ్మ అంటుంది. ఆ మందు కొందరిలో చిరాకు, కోపం పెంచుతుందని చీటీ రాసేటప్పుడే డాక్టరు ఒక్క మాట చెప్పి ఉంటే, ఆ ఇంట్లో దిష్టి తీసేవాళ్ళు కాదు. మందు మార్చమని అడగడానికి వెళ్ళేవాళ్ళు.

అందుకే ఈ విషయంలో భూతవైద్యుడినొక్కడినే తప్పు పట్టలేను. ఓపీలో రెండు నిమిషాల్లో మనిషిని పంపించేసే వైద్యం కూడా తాయెత్తుకు గిరాకీ పెంచుతోంది. భూతవైద్యుడు కనీసం గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడతాడు.

మూర్ఛకు అందరికీ సరిపోయే మందు ఒక్కటి లేదు. గ్లాస్గోలో జరిగిన అధ్యయనం ఒకటి 2000లో ప్రచురితమైంది. అంతకుముందు ఏ మందూ వాడని 470 మందిని గమనిస్తే, 47 శాతానికి మొదటి మందుతోనే ఫిట్స్ ఆగాయి. మరో 13 శాతానికి రెండో మందుతో ఆగాయి. అంటే మొదటిది పనిచేయకపోతే వైద్యం ఓడిపోయినట్టు కాదు, వెతకడం ఇంకా అయిపోలేదన్నమాట. ఈ వెతుకులాటకు ఓపిక కావాలి. లామోట్రిజిన్‌ను వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచాలి, తొందరపడితే ప్రాణం మీదికి తెచ్చే దద్దుర్లు రావచ్చు. అప్పటికే వాల్ప్రోయేట్ వాడుతుంటే ఇంకా నెమ్మదిగా పెంచాలి. రెండు మూడు మందులు సరిగ్గా వాడినా ఆగనివాళ్ళలో కొందరికి శస్త్రచికిత్స దారి ఉంది. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో ఇలాంటి ఆపరేషన్లు ఎన్నో ఏళ్ళుగా జరుగుతున్నాయి.

ఈ వెతుకులాటలో అన్నిటికంటే పనికొచ్చేది ఒక నోటు పుస్తకం. ఫిట్ ఏ తేదీన వచ్చింది, ఎంతసేపు ఉంది, ముందు రాత్రి నిద్ర పట్టిందా, మాత్ర మానేశారా, ఆడవాళ్ళయితే నెలసరి ఎప్పుడు, మోతాదు పెంచాక ఒంట్లో ఏం మారింది అని రాసుకోవాలి. అమావాస్యకు ఫిట్స్ వస్తాయని నమ్మే ఇంట్లో ఏడాదిపాటు ఇలా రాసి చూడండి. అమావాస్యనాడు వచ్చినది గుర్తుండిపోతుంది, మామూలు మంగళవారం వచ్చినవి మరిచిపోతాం. కాగితం మరిచిపోదు. శివరాత్రి జాగరణ తర్వాత ఫిట్ వస్తే అందులో దైవకోపమేమీ లేదు. నిద్రలేమి మూర్ఛను రేపుతుందని వైద్యానికి బాగా తెలుసు. ఉపవాసం పేరుతో ఆ పూట మాత్ర కూడా మానేస్తే ముప్పు మరింత పెరుగుతుంది.

మూలికలకు సైడ్ ఎఫెక్టులు ఉండవనే మాట కూడా తరచూ వింటుంటాం. మూర్ఛకు మూలికల పొడి అని అమ్మినవాటిని ప్రయోగశాలలో పరీక్షిస్తే ఫినోబార్బిటాల్, ఫెనిటాయిన్ వంటివి బయటపడ్డ సందర్భాలు మన దేశంలోనే ఉన్నాయి. గుణం కనిపించడానికి కారణం అదే. ఎంత కలిపారో ఎవరికీ తెలియదు, పొడి అయిపోయి హఠాత్తుగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. మూర్ఛను నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. అయినా బస్టాండు గోడల మీద ఆ ప్రకటనలు కనిపిస్తూనే ఉన్నాయి.

క్రీస్తుకు పూర్వం 400 ప్రాంతంలోనే గ్రీసులో హిపోక్రటీస్ సంప్రదాయపు వైద్యులు ఈ జబ్బులో దైవికమేమీ లేదని, దీని మూలం మెదడులో ఉందని రాశారు. మన దగ్గర ఇప్పటికీ పెళ్ళి చేస్తే తగ్గిపోతుందంటున్నారు. తగ్గదు. పైగా అత్తవారింట్లో తెలియకూడదని, మాత్రలను విటమిన్ సీసాలో పోసి కూతురి పెట్టెలో సర్దుతారు. ఆ పిల్ల దొంగచాటుగా వేసుకుంటుంది, వీలుకాని రోజున మానేస్తుంది. అందరికీ తెలిసిపోతుందని డాక్టరు దగ్గరకూ వెళ్ళలేదు. ఆ సీసాలో ఉన్నది వాల్ప్రోయేట్ అయితే ప్రమాదం కడుపులో బిడ్డకు కూడా. గర్భంలో ఈ మందుకు గురైన పిల్లల్లో నూటికి సుమారు పదిమంది అవయవ లోపాలతో పుడతారు, ముప్పై నలభై మందిలో ఎదుగుదల సమస్యలు కనిపిస్తాయి. గర్భం రాకముందే తెలిస్తే చాలామందికి డాక్టరు వేరే మందుకు మార్చగలరు. తెలిశాక భయపడి సొంతంగా ఆపేస్తే తల్లి ప్రాణానికే ముప్పు.

హిందూ వివాహ చట్టంలో పెళ్ళికి అడ్డంకిగా ఉన్న మూర్ఛను 1999లో పార్లమెంటు తొలగించింది. దాచాల్సిన జబ్బు కాదిది. మీ ఇంట్లో పెళ్ళి కుదిరిన ఆడపిల్ల వాల్ప్రోయేట్ వాడుతుంటే అవతలివారికి చెప్పండి. ముహూర్తం పెట్టించుకోకముందే ఆమెను న్యూరాలజిస్టు దగ్గరకు తీసుకెళ్ళండి.