పురిటికి వచ్చిన పక్షులు

శ్రీకాకుళము జిల్లా టెక్కలి మండలమున తేలినీలాపురమను చిన్న పల్లె కలదు. ఏటేట సెప్టెంబరు నెల వచ్చుసరికి గూడబాతులును, ఎర్రకాళ్ళ కొంగలును గుంపులుగ దిగి, ఆ యూరి చెట్లమీద గూళ్ళు కట్టుకొని, గ్రుడ్లు పెట్టి, పిల్లలను పెంచి, వేసవి ముదురుటకు మున్నే వానిని వెంటబెట్టుకొని పోవును. నౌపడ ప్రాంతపు ఉప్పునీటి పల్లములలో వేటాడి తెచ్చిన చేపయే వానికి గ్రాసము. పక్షులు దిగిన యేడు ఊరికి మేలనియు, దిగని యేడు కీడనియు గ్రామస్థులు తలతురు. ఇచ్ఛాపురము చెంతనున్న తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు వచ్చిన వానలు వచ్చునని చెప్పుకొందురు. ఈ నమ్మకములను విని పట్టణవాసులు నవ్వవచ్చును. మేము నవ్వజాలము. గూటిలోని పిల్లపై రాయి రువ్వబోవు కుర్రవాని చేతిని ఆ నమ్మకము పట్టుకొనినట్లు అడవి శాఖవారి బంట్రోతు పట్టుకొనలేడు. బంట్రోతు ఒక్కడు; నమ్మకము ఇంటింట కలదు.

శాసనము కంటె కథ గొప్పదని మా వాదము కాదు. శాసనము కంటె కథ ముందు పుట్టినదని మాత్రము వక్కాణింపవలసియున్నది. తమిళదేశమున తిరునెల్వేలి జిల్లాలోని కూందన్‌కుళమును 1906వ సంవత్సరమున రీనియసు అను పక్షిపరిశీలకుడు దర్శించెను. ఆ యూరివారు గూడబాతులను సగము దేవతలుగా నెంచి కాపాడుచుండిరని ఆయన వ్రాసియున్నాడు. వన్యప్రాణి సంరక్షణ శాసనము వచ్చినది 1972లో. అనగా ప్రభుత్వము మేల్కొనుటకు 66 ఏండ్లు ముందే ఆ పల్లె మేల్కొనియుండెను. కర్ణాటకమున మద్దూరు తాలూకా కొక్రెబెళ్ళూరు గ్రామస్థులు గూడబాతులను పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలని చెప్పుకొందురు. ఆ యొక్క మాటలో ఎంత యర్థము ఇమిడియున్నదో తెలుగు గృహస్థులకు మేము విప్పి చెప్పనక్కరలేదు. పురిటికి వచ్చిన బిడ్డను ఏ తల్లియు గడప దాటింపదు. ఆమె తిన్న తిండికి ఏ తండ్రియు లెక్క వ్రాయడు. పసిబిడ్డ ఇల్లు మురికి చేసెనని ఎవరును చీదరించుకొనరు. పిల్లలు లేచి తిరుగు వేళకు, మరల ఏటికి రమ్మని దీవించి పంపుదురు. పక్షియెడల మానవుడు నడువవలసిన తీరంతయు ఇందు చెప్పబడినది. ఇంతటి విషయమును నిబంధనలుగా వ్రాయబూనినచో ఎన్ని పుటలు పట్టునో శాసనకర్తలే చెప్పవలెను. వ్రాసిన పిమ్మట దానిని చదువువారెవరో వారును చెప్పలేరు.

మన కొల్లేటి చరిత్రము వేరు. 1946లో నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు పశ్చిమగోదావరి ప్రాంతమున ఆరేడు గ్రామము చెంత గూడబాతుల గూళ్ళను కనుగొనెను. అప్పుడు అచట దాదాపు 3,000 పక్షులు గూళ్ళు కట్టియుండెను. 1974 ప్రాంతమునకు అవి ఆ తావును పూర్తిగ విడిచిపోయెను. శాసనము పుట్టి రెండేండ్లు నిండినవో లేదో! పిమ్మట 1999లో కొల్లేరు అభయారణ్యమైనది. 2002లో రాంసార్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా పేరొందినది. 2006లో చేపల చెరువుల గట్లను యంత్రములతో త్రెంపిరి. నేడు కైకలూరు చెంత ఆటపాకలో ఇనుప మంచెలు నాటి, వానిపై పక్షులకు నిలువ చోటు కల్పింపవలసి వచ్చినది. ఇవన్నియు చేయదగినవే. కాని కొల్లేటి పక్షికి లెక్కలు వ్రాసినవారు కలరు, హద్దులు గీసినవారు కలరు. అది మా యింటి ఆడబిడ్డ యని చెప్పుకొన్నవారు చాలినంతమంది లేకపోయిరి. హద్దురాళ్ళను దాటుటకు వెరవనివాడు సైతము ఇంటి యాడబిడ్డను వెడలగొట్టుటకు వెరచును.

కథలనగానే పెద్దలు మనకు నీతిచంద్రికను చూపుదురు. చిన్నయసూరిగారి ఆ గ్రంథము 1853లో వెలువడినది మొదలు ఎన్ని తరముల తెలుగు బాలురకు భాషాభిక్ష పెట్టినదో మేమెరుగనివారము కాము. అయినను ఒక మాట చెప్పక తప్పదు. అందలి కాకియు, ఎలుకయు, తాబేలును, లేడియు జంతువుల చర్మము కప్పుకొన్న మనుజులే. రాజనీతి చెప్పుటకు వచ్చినవే గాని తమ కష్టసుఖములు చెప్పుకొనుటకు వచ్చినవి కావు. మిత్రలాభమును ఆమూలాగ్రము వల్లించిన బాలుడు కాకి ఏ నెలలో గూడు కట్టునో, తాబేలు గ్రుడ్లు ఎచట పెట్టునో ఎరుగకయే పరీక్షలో ఉత్తీర్ణుడగును. ఇది గ్రంథమునకు లోపము కాదు. దాని ప్రయోజనమే వేరు. ప్రకృతియందు ఆదరము కలిగించు కథ మరియొక జాతికి చెందినది. అందు పక్షి పక్షియే. దానికి ఊరు పేరు కలదు, వచ్చు నెల కలదు, వ్రాలు చెట్టు కలదు. కథ విన్న పిల్లవాడు వాకిటికి వచ్చి తలయెత్తి దానిని చూడగలడు.

కథ యున్నంతమాత్రముననే పక్షికి మేలు కలుగునని భ్రమపడరాదు. పాలపిట్ట సంగతి చూడుడు. అజ్ఞాతవాసము ముగించి మరలు పాండవులకు విజయదశమినాడు పాలపిట్ట కనబడెననియు, ఆనాడు దానిని చూచినవారికి శుభమనియు తెలుగునాట వాడుక. ఆ కథలోని భావమెంత సొగసైనది! జమ్మిచెట్టు వెదకుచు పొలిమేర దాటి పోయినవానికి తంతితీగెపైనో, మోడుపైనో నీలిరెక్కల పిట్ట కనబడవలెను. ఊరు దాటి చేనిగట్లమీద నడచువానికే ఆ శుభము. నేడు జరుగుచున్నదేమి? పట్టణవాసికి పొలము దాక పోవు తీరిక లేదు. కావున వేటగాడు దసరాకు ముందే వల పన్ని పిట్టను పట్టి, రెక్కలు కట్టి, పంజరమున నుంచి, వీధివీధి త్రిప్పి చూపి డబ్బులు దండుకొనుచున్నాడు. చూచినవారు కన్నులకద్దుకొని ఇంటికి పోవుదురు. పిట్ట నీరు లేక, తిండి లేక సొమ్మసిల్లును. 2014లో తెలంగాణ ప్రభుత్వము తన రాష్ట్రపక్షిగా ప్రకటించినది ఈ పిట్టనే. దానిని పట్టుటయు, పంజరమున నుంచుటయు నేరములు. శుభమును కొనుక్కొనుచున్న గృహస్థునకు తాను నేరమునకు మదుపు పెట్టుచున్నాననెడి తలపే రాకుండుట వింత. కథలోని సగము మాత్రమే ఆయన చెవిని పడినది. చూచిన శుభమని విన్నాడు. ఎచట, ఎట్లు చూడవలెనో వినలేదు.

రాబందు విషయమున మన కథ ఇంకను ఘోరముగ విఫలమైనది. జటాయువును ఎరుగని తెలుగువాడు లేడు. లేపాక్షికి ఆ పేరు వచ్చుట రాముడు జటాయువును ‘లే పక్షీ’ యని పిలిచిన పిలుపు వలననే యని స్థలపురాణము. ఒక గ్రద్దజాతి పక్షికి అవతారపురుషుడు తండ్రికి వలె దహనసంస్కారము చేసెనని చెప్పుకొను జాతికి ఆ పక్షిజాతియెడల ఎంత గౌరవముండవలెను! కాని మన వాడుకలో రాబందు తిట్టుమాట. పీనుగులను పీకుకొని తినువానిని, లంచగొండిని, వడ్డీవ్యాపారిని ఆ పేరనే పిలుతుము. పురాణములోని పక్షిని గుడిలో నిలిపి, ఊరిబయట కళేబరమును శుభ్రపరచు పక్షిని ఈసడించుకొంటిమి. పశువులకు నొప్పి, వాపు తగ్గుటకై ఇచ్చు డైక్లోఫెనాక్ అను మందు ఆ పశువు చచ్చిన పిదప రాబందు కడుపున చేరి, మూత్రపిండములను చెరచి చంపుచున్నదని శాస్త్రజ్ఞులు 2004లో లోకమునకు వెల్లడించిరి. భారత ప్రభుత్వము 2006లో పశువైద్యమున దానిని నిషేధించినది. అప్పటికే చాల ఆలస్యమైనది. వీపున తెల్లని మచ్చగల రాబందులు 1992 మొదలు 2007 వరకు నూటికి 99కి పైగా నశించినవి. మన ఊళ్ళ మీద నుండి ఒక జాతి పక్షులు మాయమైపోవుచుండగా, ఏటేట రామాయణ కాలక్షేపములు జరుపుకొనుచుండియు, జటాయువు ఏమైపోయెనని మనలో ఎందరు అడిగిరి? తెలంగాణమున బెజ్జూరు అడవులలో పాలరాపు గుట్టపై కొన్ని రాబందులు 2013లో కంటబడెను. అట్టి గుట్టను గూర్చి హరికథకులు ఒక్క పిట్టకథ యల్లినచో, ఆ వార్త పది జిల్లాలకు ప్రాకియుండెడిది.

కావున కథకు సత్యము తోడుగ నుండవలెనని మా యభిప్రాయము. తేలినీలాపురపు పక్షులు సైబీరియా నుండి వచ్చుచున్నవని పత్రికలలో తరచు వ్రాయుదురు. యాత్రికులును అదే చెప్పుకొందురు. వేలమైళ్ళు దాటి వచ్చిన అతిథులన్న వినుట కింపుగ నుండును గాని, అది నిజము కాదు. మచ్చల ముక్కు గల ఈ గూడబాతును, ఎర్రకాళ్ళ కొంగయు దక్షిణాసియా పక్షులే. ఇచటనే పుట్టును, ఇచటనే చెరువు నుండి చెరువునకు నీటిని బట్టి తిరుగును. చలిదేశముల నుండి బాతులు మున్నగునవి శీతకాలమున మనకు వచ్చుట నిజమే. అవి వేరు జాతులు. ఈ సవరణ చిన్నది కాదు. అతిథి యన్నచో మనకు నచ్చినంత కాలమే మర్యాద. వాడు వెడలిపోయినను వానికి స్వదేశము కలదు. ఆడబిడ్డ యన్నచో ఆమెకు మనయింట తప్ప వేరు పుట్టిల్లు లేదు. మన చెరువులు పూడి, మన చెట్లు కూలినచో ఈ పక్షులకు సైబీరియా దిక్కు కాజాలదు. అబద్ధపు కథ కంటె నిజమైన కథయే ఇచట ఎక్కువ కరుణ కలిగించునదియు, ఎక్కువ బాధ్యత మోపునదియు నై యున్నది.

బాధ్యతకు ఖర్చు కలదు. భూస్వాములగు పాఠకులు దీనిని మా కంటె బాగుగ నెరుగుదురు. చింతచెట్టుపై వందలకొలది పక్షులు కాపురము పెట్టినచో రెట్టతో ఆకు మాడును, కాపు పోవును, వాకిట నీచువాసన నిండును. చెట్టుగలవాని ఇంటి యాదాయము తరుగును. కొక్రెబెళ్ళూరులో చింతపండు నష్టమునకై అడవి శాఖవారు చెట్టు యజమానులకు పరిహారము చెల్లించు పద్ధతి నేర్పరచిరి. కూందన్‌కుళమున రైతులు రెట్ట కలిసిన చెరువుమట్టిని తీసి పొలమునకు ఎరువు వేసికొందురు. పేదరైతును కథ చెప్పి నష్టపెట్టుట న్యాయము కాదు. కథయు, పరిహారమును రెండును కావలెను. ఇక 2018 అక్టోబరున తిత్లీ తుపాను పలాస చెంత తీరము దాటి ఉద్దానమున కొబ్బరి తోటలను, జీడి తోటలను, పెద్దచెట్లను నేలగూల్చిన సంగతి పాఠకులకు తెలిసినదే. గూడు కట్టదగిన చింతచెట్టు ఒక్కటి ఎదుగుటకు ఒక తరము పట్టును. నాటవలసినవారు నేల గలవారే. కూలినచెట్టు స్థానమున త్వరగ పెరిగి త్వరగ అమ్ముడుపోవు సరుగుడును, నీలగిరిని మాత్రమే పెట్టుచు పక్షులు రాలేదని నిట్టూర్చుట తగదు.

ఈ కథలను చెప్పవలసినవారు ఎవరు? అవ్వలు చెప్పుదురని ఇంతకాలము ఊరకుంటిమి. అవ్వ ఊరిలోను, మనుమడు పట్టణములోను ఉన్నపుడు ఆ దారి తెగినది. జిల్లాకొక వాచకము అచ్చువేయించి, అందు ఆ జిల్లా చెరువును, ఆ జిల్లా పక్షిని, ఊరివారు దానిని గూర్చి చెప్పుకొను మాటను, శాస్త్రజ్ఞులు కనుగొన్న సంగతిని ఒకే పాఠమున చేర్పవలెనని విద్యాశాఖవారిని కోరుచున్నాము. గుంటూరు బాలునకు కూతవేటు దూరమున ఉప్పలపాడు చెరువున గూడబాతులు పిల్లలను పెంచుచుండగా, వాని పుస్తకమున ఆర్కిటికు పెంగ్విను బొమ్మ యుండి ప్రయోజనమేమి? పైగా పెంగ్విను ఉండునది దక్షిణధ్రువము వైపున. ఆ పొరపాటును దిద్దు ఉపాధ్యాయుడైనను ఉండవలెను గదా! గ్రామములలో ముసలివారు ఇంకను బ్రతికియుండగనే వారి నోటి మాటలను వ్రాసికొనుట గ్రంథాలయ సంఘములకు తగిన పని. ఖర్చు తక్కువ, ఆలస్యము చేసిన నష్టము ఎక్కువ. దేవాలయ ధర్మకర్తలు దసరానాడు పంజరపు పాలపిట్టను గుడి వాకిటికి రానీయకుండుట నేటికే చేయదగినది. తేలినీలాపురపు పక్షులు తిరిగి వచ్చు సెప్టెంబరునకు వాచకము సిద్ధము కాకున్నను, టెక్కలి పాఠశాలల పిల్లలను ఒక సాయంకాలము ఆ యూరికి నడిపించుకొని పోయి, చెట్టు క్రింద కూర్చుండబెట్టి, ఆ యింటివారిచేతనే వారి కథ చెప్పించుటకు ఏ యుత్తరువుతోను పని లేదు.