అట్ట మీది వ్యాఖ్యానం

సంగీతానికి రూపం లేదు. అయినా దాన్ని రికార్డు చేసి అంగట్లో అమ్మే కాలం వచ్చాక దానికొక ముఖం అవసరమైంది. ఆ ముఖాన్ని తీర్చిదిద్దిన చిత్రకారుల, ఛాయాగ్రాహకుల, అక్షరశిల్పుల కృషిని విమర్శకులు ఎక్కువగా వ్యాపార ప్రకటనల చరిత్రలో ఒక చిన్న అధ్యాయంగా లెక్కగట్టారు, సేకర్తలేమో అరుదైన వస్తువుగా దాచుకున్నారు. ఆ రెండు చూపులూ చాలవు. ఉత్తమమైన ఆల్బమ్ ముఖచిత్రాన్ని లోపలి సంగీతంపై వెలువడిన వ్యాఖ్యానంగా చదవాలన్నది ఈ సంపాదకీయం ప్రతిపాదన. కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాసిన కోలాచల మల్లినాథసూరి మూలాధారం లేనిదేదీ రాయనని, అక్కరలేనిదేదీ చెప్పనని నియమం పెట్టుకున్నాడు. గొప్ప ముఖచిత్రాలు గీసినవారు ఆయన పేరైనా విని ఉండరు గాని, వారి పనిని నిదానంగా పరిశీలిస్తే ఆ నియమమే అడుగడుగునా కనిపిస్తుంది.

ఆల్బమ్ అన్న మాట ఇక్కడికి ఎలా వచ్చిందో ముందు చెప్పుకోవాలి. నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డులో ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాల సంగీతమే పట్టేది గనుక, సింఫనీని, అంటే పెద్ద వాద్యబృందం కోసం పలు భాగాలుగా కూర్చిన రచనను, పూర్తిగా వినాలంటే అనేక రికార్డులు కావలసి వచ్చేవి. వాటిని ఫోటోల ఆల్బమ్‌లాగా, కాగితపు సంచులు కుట్టిన పుస్తకంలో పెట్టి అమ్మడం వల్ల ఆ పేరు స్థిరపడింది. ఆ పుస్తకాల అట్టలు చాలావరకు బూడిద రంగులోనో గోధుమ రంగులోనో బొమ్మ లేకుండా ఉండేవి. అమెరికాలో కొలంబియా రికార్డ్స్ సంస్థలో పనిచేస్తున్న అలెక్స్ స్టైన్‌వైస్ అనే యువకుడు 1940లో రోడ్జర్స్, హార్ట్ జంట పాటల సంపుటికి బొమ్మ ఉన్న అట్ట వేయించాడు. న్యూయార్క్‌లోని ఒక నాటకశాల ముందరి దీపాల బోర్డు మీద ఆ ఆల్బమ్ పేరే వెలిగేలా అక్షరాలు మార్పించి తీయించిన ఫోటో అది. 1948లో అదే సంస్థ లాంగ్‌ప్లే రికార్డును తెచ్చినప్పుడు, దాని సున్నితమైన గాళ్లు గీతలు పడకుండా కాపాడే గట్టి అట్ట కవరును రూపొందించినవాడు కూడా ఆయనే. పన్నెండంగుళాల ఆ చదరం ఆ తరువాతి నాలుగు దశాబ్దాల పాటు కళాకారుల పలకగా నిలిచింది.

ఆ పలక మీద అతి తక్కువ సామగ్రితో అతి ఎక్కువ పలికించిన సంస్థ బ్లూ నోట్. బెర్లిన్ నుంచి వలస వచ్చిన ఆల్ఫ్రెడ్ లయన్ 1939లో న్యూయార్క్‌లో ఈ జాజ్ సంస్థను ప్రారంభించగా, నాజీల పాలన నుంచి తప్పించుకుని వచ్చిన ఆయన చిన్ననాటి స్నేహితుడు ఫ్రాన్సిస్ వుల్ఫ్ అందులో చేరి, రికార్డింగు జరుగుతున్నప్పుడే వాద్యకారుల ఫోటోలు తీసేవాడు. చెమట పట్టిన నుదురు, మూసుకున్న కళ్లు, వేళ్ల మధ్య కాలుతున్న సిగరెట్టు ఆ చిత్రాల్లో చీకటి నేపథ్యం నుంచి ముందుకు వస్తాయి. 1950ల నడిమి కాలం నుంచి 1967 దాకా అక్కడ కవర్లు రూపొందించిన రీడ్ మైల్స్ ఆ ఫోటోలను నిర్దాక్షిణ్యంగా కత్తిరించి, పెద్ద పెద్ద అక్షరాలను వాటి పక్కన నిలబెట్టి, ఖర్చు తగ్గించడానికి తరచుగా నలుపుకు తోడు ఒక్క రంగుతోనే సరిపెట్టేవాడు. ఆ పొదుపే ఆయన శైలికి ప్రాణమైంది. ఫ్రెడ్డీ హబర్డ్ ‘హబ్ టోన్స్’ కవరు మీద బారులు తీరిన నిలువు పట్టీల్లో ఒకటి, మీట నొక్కినట్టుగా, కిందికి దిగి ఉంటుంది. జాకీ మెక్లీన్ ‘ఇట్స్ టైమ్’ కవరునిండా ఆశ్చర్యార్థకాలు బారులు తీరి, వాద్యకారుడి ఫోటో ఒక మూలకు ఒదిగిపోతుంది. జో హెండర్సన్ ‘ఇన్ అండ్ అవుట్’లో అక్షరాలే బాణాలై లోపలికీ బయటికీ దారి తీస్తాయి. మైల్స్‌కు జాజ్ పట్ల పెద్దగా మక్కువ లేదనీ, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమే ఆయనకు ఇష్టమనీ ప్రసిద్ధి. లయన్ ఆ సంగీతం గురించి వివరించి చెప్పగా విని ఆయన కవరును ఊహించేవాడు. రికార్డును నేరుగా వినకుండా, దాన్ని ప్రేమించిన మనిషి మాటల్లోంచి దాని నడకను పట్టుకోగలగడం వ్యాఖ్యాతకు అరుదుగా అబ్బే శక్తి.

కొలంబియాలో నీల్ ఫుజిటా దారి వేరు. హవాయిలో జపనీయ కుటుంబంలో పుట్టిన ఫుజిటాను రెండో ప్రపంచయుద్ధ కాలంలో, జపాన్ మూలాలున్న మరెందరో అమెరికన్లతో పాటు, నిర్బంధ శిబిరంలో ఉంచారు. తరువాత ఆయన అమెరికా సైన్యంలోనే చేరి పోరాడాడు. 1959లో డేవ్ బ్రూబెక్ ‘టైమ్ అవుట్’కూ చార్లెస్ మింగస్ ‘మింగస్ ఆ ఉమ్’కూ ఆయన ఫోటోలు వద్దని తన నైరూప్య చిత్రాలే, అంటే ఏ వస్తువునూ పోలని రంగుల ఆకారాలనే, ముఖచిత్రాలుగా పెట్టాడు. జాజ్‌లో అలవాటైన నాలుగు లెక్కల తాళాన్ని విడిచి ఐదు, తొమ్మిది లెక్కల్లో నడిచే రచనలున్న ‘టైమ్ అవుట్’పై చక్రాలను తలపించే వంపులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, ఎక్కడా సమంగా పొసగకుండా కదులుతున్నట్టు ఉంటాయి. ఖండగతి చెవికి అలవాటైన కర్ణాటక సంగీత శ్రోతకు ఐదు లెక్క వింత అనిపించకపోవచ్చు గాని, నాటి అమెరికన్ శ్రోతకు అది నాట్యం చేయడానికి వీలుపడని విడ్డూరం. ఆ విడ్డూరంలో ఉన్న సొగసును ఫుజిటా బొమ్మ ముందుగా కంటికి పరిచయం చేసింది.

నాదానికి బొమ్మ కట్టాలన్న కోరిక ఈనాటిది కాదు. రాజస్థాన్, దక్కను, పహాడీ సంస్థానాల చిత్రకారులు రాగమాల చిత్రాల్లో ఒక్కో రాగానికీ రాగిణికీ ఒక రూపం, ఒక వేళ, ఒక రుతువు కట్టబెట్టారు. వీణ పట్టుకున్న యువతి, ఆమె పాటకు వశమై చుట్టూ చేరిన లేళ్లు కనబడితే అది తోడి రాగిణి అని చూసినవారు వెంటనే గుర్తుపట్టేవారు. రాగమాల చిత్రకారుడికి సంప్రదాయం సిద్ధం చేసిపెట్టిన ధ్యానశ్లోకాల ఆసరా ఉండేది. ఆల్బమ్ కళాకారుడికి ఆ ఆసరా లేదు గనుక ప్రతిసారీ కొత్త ప్రతీకను తానే వెతుక్కోవాలి, అది ఈ సంగీతానికే చెల్లుతుందని చూపరిని ఒప్పించాలి.

రాక్ సంగీతంలో ఈ వెతుకులాట కొన్నిసార్లు ఆడంబరంగా మారింది. బీటిల్స్ ‘సార్జెంట్ పెపర్’ (1967) కోసం పీటర్ బ్లేక్, జాన్ హావర్త్ దంపతులు కూర్చిన ప్రముఖుల బొమ్మల గుంపులో జార్జ్ హారిసన్ కోరిక మీద మహావతార్ బాబాజీ, లాహిరీ మహాశయ, యుక్తేశ్వర్ గిరి, పరమహంస యోగానంద చోటు చేసుకోగా, గాంధీ బొమ్మను మాత్రం రికార్డు సంస్థ తొలగించింది. ఆ కవరుకున్న చారిత్రక ప్రాధాన్యం కాదనలేనిదే అయినా, పేర్లు గుర్తుపట్టే సరదా తీరాక అందులో మిగిలేది తక్కువ. అంతకన్నా లోతైనది మాంచెస్టర్ బృందం జాయ్ డివిజన్ 1979లో విడుదల చేసిన ‘అన్‌నోన్ ప్లెజర్స్’. దాని ముందు అట్ట మీద బృందం పేరు గాని ఆల్బమ్ పేరు గాని లేదు, నల్లని నేల మీద కొండల వరుసల్లాంటి తెల్లని గీతలు మాత్రమే ఉన్నాయి. క్రమం తప్పకుండా రేడియో తరంగాలను వెదజల్లుతూ గిరగిర తిరిగే నక్షత్రాన్ని పల్సార్ అంటారు. 1967లో జోసెలిన్ బెల్ మొదటిసారి గుర్తించిన పల్సార్ నుంచి ఒకదాని వెంట ఒకటిగా వచ్చిన 80 స్పందనలను కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు హరాల్డ్ క్రాఫ్ట్ గీతలుగా నమోదు చేశాడు. ఖగోళశాస్త్ర విజ్ఞానసర్వస్వంలో బృంద సభ్యులకు కనిపించిన ఆ పటాన్ని, తెల్లకాగితం మీది నల్లగీతలను తారుమారు చేసి, పీటర్ సావిల్ కవరుగా మలిచాడు. స్పందనల మధ్య వ్యవధి మారదు, స్పందన ఆకారం మాత్రం ప్రతిసారీ మారుతుంది. యంత్రంలా కొట్టుకునే డ్రమ్ము మీద వణికే మనిషి గొంతును వినిపించే ఆ సంగీతానికి ఇంతకన్నా సరైన వ్యాఖ్య ఊహించడం కష్టం.

లాగోస్‌లో, కింగ్‌స్టన్‌లో ముఖచిత్రం రాజకీయ భాష్యమైంది. నైజీరియా గాయకుడు ఫెలా కుటి పాలకుల మీద ఎక్కుపెట్టిన పాటలకు లెమీ గారియోకు రెండు డజన్లకు పైగా కవర్లు గీశాడు. ఇరవయ్యేళ్లు నిండకముందే ఆయన 1974లో గీసిన ‘అలగ్బాన్ క్లోజ్’ కవరు మీద ఫెలా సంకెళ్లు తెంచుకుని నిలబడి ఉంటే, తిమింగలం ఒకటి పోలీసుల పడవను బోర్లా తిప్పేస్తుంది. పాట చెప్పిన నిర్బంధ గాథకు ఆ బొమ్మ ఫలశ్రుతి చేర్చింది. బాబ్ మార్లే ‘సర్వైవల్’ (1979) కోసం నెవిల్ గారిక్ ఆఫ్రికా దేశాల పతాకాలను వరుసగా పేర్చి, వాటి నడుమ బానిసల నౌకలో మనుషులను కట్టెల్లా సర్దిన నాటి నమూనాను సన్నని పట్టీగా పెట్టాడు. ఆ పట్టీ లేకపోతే పతాకాలు పండుగ తోరణాలుగా మిగిలేవి.

తెలుగునాట సినిమా పాటల రికార్డులు చాలావరకు చిత్రంలోని స్టిల్స్‌తోనో పోస్టరు బొమ్మలతోనో వచ్చాయి గనుక, వాటి కవర్లు సంగీతాన్ని కాక సినిమానే చూపించాయి. ఇక్కడ ఈ వ్యాఖ్యాన కళ పుస్తకాల అట్టల మీద వికసించింది. బాపు వేసిన ముఖచిత్రాన్ని చూసి లోపలి రచన స్వభావాన్ని పసిగట్టిన పాఠకులు ఒకటి రెండు తరాల్లో కొల్లలుగా ఉన్నారు. అయినా ఇళ్లలో అటకల మీద మిగిలిన ఆ రికార్డు కవర్లు నాటి అచ్చు పనికీ అక్షరాల తీరుకూ సాక్ష్యాలు. వాటిని పాతసామాన్లవాడి తక్కెడలో వేయకముందే గ్రంథాలయాలు సేకరించి భద్రపరచడం అవసరం.

పన్నెండంగుళాల చదరం కాంపాక్ట్ డిస్కుతో దాదాపు ఐదంగుళాలకు, ఫోను తెరతో గోరంత బొమ్మకు కుదించుకుపోయింది. దానితో పాటు వెనక అట్ట మీది వివరణలు, ఎవరు ఏ వాద్యం వాయించారో చెప్పే పేర్లు శ్రోత చేతిలోంచి జారిపోయాయి. అయితే మైల్స్ చేసిన ఒక కవరు గోరంత బొమ్మలోనూ నిలుస్తుంది. 1964 ఫిబ్రవరిలో ఎరిక్ డాల్ఫీ బ్లూ నోట్ కోసం ‘అవుట్ టు లంచ్’ రికార్డు చేశాడు. వాద్యాలన్నీ వేర్వేరు కాలాల్లో నడుస్తున్నట్టుండే ఆ సంగీతానికి మైల్స్ ఒక దుకాణం తలుపు మీది పలకను ఫోటో తీసి కవరుగా పెట్టాడు. తిరిగి వస్తామని చెప్పే ఆ పలక మీది గడియారానికి ఉండవలసిన రెండు ముళ్ల స్థానంలో ఎన్నో ముళ్లు ఎన్నో వేళలు చూపిస్తుంటాయి. జూన్ 29న, ముప్పై ఆరేళ్ల వయసులో, డాల్ఫీ బెర్లిన్‌లో కన్నుమూశాడు. ఆ తరువాతనే రికార్డు దుకాణాలకు చేరింది, ఎప్పటికి తిరిగి వస్తాడో తేల్చి చెప్పని ఆ గడియారాన్ని అట్ట మీద మోసుకుంటూ.