అలారము ఏ అంకె వద్ద మ్రోగవలెను?

విశాఖ ఉక్కు కర్మాగారపు గ్యాసు గొట్టముల నడుమను, పరవాడ ఔషధ పరిశ్రమల రియాక్టర్ల చెంతను పనిచేయు మన శ్రామికుడు రొమ్ముపై తగిలించుకొను చిన్న గ్యాస్ డిటెక్టరు, ప్రాణవాయువు 19.5 శాతమునకు తగ్గినను, కార్బన్ మోనాక్సైడు 35 పీపీఎం దాటినను, హైడ్రోజన్ సల్ఫైడు 10 దాటినను, మండు వాయువు పేలుడు కనిష్ఠ పరిమితిలో పదవ వంతునకు చేరినను మ్రోగునట్లు సాధారణముగా అమర్చబడి వచ్చును. ఈ అంకెలు ఏ అపాయమును తలచి నిర్ణయింపబడినవో దానిని ధరించువానికి తెలిసి తీరవలెను. తెలియకుండుట ప్రాణాంతకమని నా దృఢవిశ్వాసము.

స్టైరీనునే తీసికొందము. 2020 మే 7వ తేదీ వేకువజామున ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకునుండి వెలువడిన ఆ ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురమును కమ్మి పన్నెండుగురిని బలిగొన్నది. గాలిలో 0.9 శాతము, అనగా 9000 పీపీఎం, చేరినగాని స్టైరీను ఆవిరి అంటుకొనదు. అందు పదవ వంతు 900. భోపాల్ దుర్ఘటన పిమ్మట 1987లో ఫ్యాక్టరీల చట్టమునకు చేర్చిన షెడ్యూలు ఎనిమిది గంటల పనికి అనుమతించినది 50 మాత్రమే. తక్షణ ప్రాణాపాయ స్థాయిగా అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ పేర్కొన్నది 700. కావున పేలుడును కనిపెట్టుటకై అమర్చిన అలారము, మనిషి ప్రాణాపాయపు గీటు దాటిన పిమ్మటగాని నోరు విప్పదు. అదియు పరికరమును స్టైరీనుతో సరిచూచి యుంచినప్పటి మాట. మీథేనుతో సరిచూచినచో ఇట్టి బరువైన ఆవిరులను అది ఉన్నదానికంటె తక్కువగా చూపును. ద్రావకములు వాడుచోట ఆవిరిని నేరుగా పీపీఎంలలో కొలుచు సెన్సారు ఉండి తీరవలెను. ఖరీదెక్కువయను సాకును నేనంగీకరింపజాలను.

2020లోనే జూన్ చివర పరవాడ ఫార్మాసిటీలో హైడ్రోజన్ సల్ఫైడు ఇద్దరి ప్రాణములు తీసినది. కుళ్ళిన కోడిగ్రుడ్ల వాసన వేయుట లేదుగదా యని ధైర్యపడరాదు; 100 పీపీఎం ప్రాంతమున ఘ్రాణశక్తియే నశించును. బ్లాస్ట్ ఫర్నేసు గ్యాసులో దాదాపు పావువంతుండు కార్బన్ మోనాక్సైడునకు మొదలే వాసన లేదు.

ఇట్టిచోట్ల, అలారము మాటిమాటికి మ్రోగి పని సాగనీయదని అంకెను పైకి జరుపుట, దొంగను విడిచి అరచిన కుక్క మూతిని కట్టివేయుట వంటిది. మ్రోత ఎక్కువైనచో వెదకవలసినది లీకును. మొదటి అలారము చట్టపు పరిమితిని మించి యుండరాదు. హైడ్రోజన్ సల్ఫైడునకు అమెరికా పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘము 2010లో తన పరిమితిని 10 నుండి 1 పీపీఎంకు దించినది గనుక, మన అలారపు 10 సైతము పునర్విచారణకు తగినదే.

ట్యాంకులోనికి దిగుటకిచ్చు పర్మిట్ కాగితముపై ఆ దినమున పరికరమునకు అమర్చిన అంకెలన్నియు తెలుగులో వ్రాసి, తెలిసిన గ్యాసు పట్టి అది మ్రోగునో లేదో కాంట్రాక్టు కార్మికుని యెదుటనే పరీక్షించి, అటుపిమ్మటనే అతనిచే సంతకము చేయించునట్లు కర్మాగార తనిఖీ అధికారులు ఉత్తరువు లీయవలెనని కోరుచున్నాను.

— ఆనందపురవాసి