రేవు దస్త్రాలతో మనకేమి పని?

సముద్రం కనుచూపు మేరలో లేని శేరిలింగంపల్లిలో కూర్చుని బందరు రేవు దస్త్రాల గురించి మాట్లాడటమెందుకని ఆ మధ్య శుక్రవారం నమాజు తరువాత ఒక యువకుడు మమ్మల్ని అడిగాడు. గచ్చిబౌలిలో కొలువు చేసే అబ్బాయి. గోల్కొండ సుల్తానుల కాలంలో హజ్ యాత్రికులు ఓడ ఎక్కింది ఆ మచిలీపట్నంలోనే అని చెప్పి తప్పించుకోవచ్చు. కాని అసలు కారణం వేరే ఉంది.

బందరు రేవుకు 2008లో శంకుస్థాపన జరిగింది. నిర్మాణ సంస్థతో ఒప్పందాన్ని 2019లో ప్రభుత్వం రద్దు చేసింది. 2023 మే నెలలో పనులు మళ్లీ ప్రారంభమయ్యాయి. ఇన్నేళ్లలో భూమి ఎంత, షరతులేమిటి, సముద్రంలో కట్టే గోడ వల్ల వేట పడవల దారి ఏమవుతుంది అని తెలుసుకోవాలంటే పల్లెకారుకు దిక్కు ప్రభుత్వ పత్రాలే. ఆంధ్రప్రదేశ్‌లో జీవోలను ఇంటర్నెట్‌లో ఉంచే పాత పద్ధతిని 2021 ఆగస్టులో ఆపివేశారు; 2024లో గాని పునరుద్ధరించలేదు. అదే 2021లో గంగవరం రేవులో రాష్ట్రానికున్న 10.4 శాతం వాటాను సుమారు 645 కోట్ల రూపాయలకు అదానీ సంస్థకు అమ్మారు. కొన్న కంపెనీ తన వాటాదారులకు స్టాక్ ఎక్స్చేంజీ ద్వారా తెలియజేయక తప్పదు. అమ్మిన ఆస్తికి యజమానులైన ప్రజల సంగతేమిటి? ముఖ్య నిర్ణయాల వివరాలు అడగకుండానే ప్రకటించాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం 4వ సెక్షను అంటుంది. ప్రకటించకపోతే మాత్రం జరిమానా లేదు. చట్టానికి పడిన పెద్ద చిల్లు ఇదేనని మా అభిప్రాయం.

మన తెలంగాణ తక్కువ తినలేదు. జీవోలను 24 గంటల్లో ప్రజల ముందుంచాలని అదే 2021 ఆగస్టులో, దళిత బంధు వ్యాజ్యంలో, హైకోర్టు చెప్పవలసివచ్చింది.

దస్త్రం ఆలస్యంగా కంటబడితే ఏమవుతుందో మన పక్కనున్న మణికొండకు తెలుసు. హజ్రత్ హుసేన్ షా వలీ దర్గాకు 1989 గెజిట్ చూపిన భూమి 5,506 చదరపు గజాలు. 2006లో సవరణ ప్రకటించి 1,654 ఎకరాల 32 గుంటలు అన్నారు. అప్పటికే ఆ భూములు కంపెనీల చేతికి వెళ్లడం మొదలైంది. ఆ సవరణ చెల్లదని, భూమి రాష్ట్ర ప్రభుత్వానిదేనని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర్పుపై మనకున్న బాధ అలా ఉంచుదాం. ఆ పదిహేడేళ్లలో మనలో ఎందరు ఆ గెజిట్ ప్రతిని కళ్లజూశారు? మేమూ చూడలేదు. 2017 నవంబరులో వక్ఫ్ బోర్డు రికార్డు గదికి సీలు వేసినప్పుడు మాత్రం అందరం గగ్గోలు పెట్టాము.

మేము ప్రభుత్వ గుమాస్తాగా జీవితం గడిపినవాళ్లం. "కోరిన సమాచారం అందుబాటులో లేదు" అని రాసిన చేతులే ఇవి. ఆ సమాచారం చాలాసార్లు వెనుక బీరువాలోనే ఉండేది. అందుచేత చెబుతున్నాము: "వివరాలు తెలుపగలరు" అని రాయకండి. నోట్ ఫైలు తనిఖీకి అనుమతించాలని రాయండి. తనిఖీ కూడా చట్టమిచ్చిన హక్కే. జవాబుకు గడువు 30 రోజులు. పని మొదలుకాకముందే అడగండి.

ఆ యువకుడు బందరు రేవుపై దరఖాస్తు రాస్తానన్నాడు. పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు తెచ్చుకోమన్నాము. మణికొండ భూములపై మరొకటి రాయవలసి ఉంది గనుక రెండు తెమ్మన్నాము.