మన మొక్కలు: ముంగిస నమిలిన వేరు

పిల్లలూ! కిందటి నెల బిళ్ళగన్నేరు గురించి చెప్పుకున్నాం గదా. అది చదివి ఒక చిన్నవాడు ఇలా అడిగాడు: "ముంగిస పాముతో పోట్లాడుతూ మధ్యలో పొదల్లోకి పోయి, ఏదో వేరు నమిలి మళ్ళీ వస్తుందట. అందుకే దానికి విషం ఎక్కదని మా తాతయ్య అంటాడు. ఆ వేరు ఏది?"

తాతయ్యగారు చెప్పే వేరు సర్పగంధ. ఇది బిళ్ళగన్నేరుకూ, నందివర్ధనానికీ చుట్టమే. మోకాలెత్తు మొక్క. అడవుల్లో చెట్ల నీడన, తడిగల నేలలో పెరుగుతుంది. హిమాలయాల దిగువనా, పడమటి కనుమల్లోనూ, మన తూర్పు కనుమల్లో అక్కడక్కడా ఉంటుంది. కణుపుకు సాధారణంగా మూడేసి ఆకులు. పూలు తెల్లగానే ఉంటాయి గాని వాటి కాడలు ఎర్రన. కాయలు పండితే నల్లబడతాయి. వేరు పాములాగా వంకరలు తిరిగి భూమిలోకి పోతుంది. మహా చేదు! అలాగని రుచి చూడబోకండి.

ఇంతకూ ముంగిసను కాపాడేది ఈ వేరేనా? కాదు. నాగుపాము విషం ఏం చేస్తుందో తెలుసా? మన నరాలు కండరాలను కలిసే చోట, తాళంలో తాళంచెవి దూరినట్టు దూరి కూచుంటుంది. దాంతో కండరాలు పని మానేస్తాయి, ఊపిరి ఆడదు. ముంగిస ఒంట్లో ఆ తాళం వేరే రకం. విషం అందులో సరిగా పట్టదు. అదీగాక ముంగిస ఎంత చురుకైనదో చూసినవాళ్ళకు తెలుసు. పాము కాటు దాని మీద పడటమే కష్టం.

"మరి వేరు తాగి బతికినవాళ్ళున్నారే!" అంటారేమో. నా చిన్నతనంలో మా ఊళ్ళో ఒక పాలేరును చెరువుగట్టున పాము కరిచింది. ఎవరో వేరు అరగదీసి తాగించారు. పాలేరు బతికాడు. ఊరంతా ఆ వేరును తెగ మెచ్చుకున్నారు. కరిచింది నీరుకట్టె అని తరవాత తెలిసింది. నీరుకట్టెకు మనిషిని చంపే విషం లేదు. వేరు తాగకపోయినా అతను బతికేవాడే! నాగుపాము కూడా ఒక్కొక్కసారి విషం వదలకుండా ఉత్త కాటు వేస్తుంది. అప్పుడూ పేరు వేరుకే వస్తుంది. వేరు తాగీ చచ్చిపోయినవాళ్ళ సంగతి మాత్రం ఎవరూ చెప్పుకోరు. పాము కరిస్తే వేళ్ళూ మంత్రాలూ వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలనివ్వకుండా మనిషిని వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. విషానికి విరుగుడు సూదిమందు అక్కడే ఉంటుంది. దాన్ని గుర్రాల రక్తం నుంచి తయారుచేస్తారు.

అయితే సర్పగంధ ఉత్త బూటకమా? కానే కాదు. అసలు తమాషా ఇక్కడే ఉంది. బీహారులో దీన్ని "పాగల్ కీ దవా" అనేవారు. అంటే పిచ్చివాళ్ళ మందు. మతి చలించి కేకలు వేసేవాళ్ళకు ఇది పెడితే శాంతించి నిద్రపోయేవారు. 1931లో కలకత్తా వైద్యులు గణనాథ సేన్, కార్తీక చంద్ర బోస్ ఈ వేరు మతి చలించినవారికే గాక రక్తపు పోటుకు కూడా పనిచేస్తుందని ప్రకటించారు. ఆ రోజుల్లోనే ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ అనే రసాయన శాస్త్రజ్ఞుడు వేరులోంచి ఒక పదార్థాన్ని విడదీసి, యూనానీ వైద్యుడు హకీం అజ్మల్ ఖాన్ పేరిట "అజ్మలిన్" అని పేరు పెట్టాడు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ 50 మంది రోగులకు ఇచ్చి చూసి, ఆ ఫలితాలు ఇంగ్లండు పత్రికలో రాశాడు. అప్పుడు గాని మిగతా ప్రపంచం చెవి ఒగ్గలేదు! 1952లో స్విట్జర్లాండు వాళ్ళు ఈ వేరులోని అసలు మందును విడదీశారు. దాని పేరు రిసర్పిన్. రోజుకు మిల్లీగ్రాములో నాలుగోవంతు చాలు. మోతాదు మించితే మనిషిని దిగులు కమ్ముకుంటుంది. అందుచేత, తరవాత వేరే మందులు వచ్చాక, దీని వాడకం బాగా తగ్గింది.

మందు దొరికింది గాని, పాపం మొక్కకు చేటు వచ్చింది. ఆకు గిల్లితే మొక్క మళ్ళీ చిగురిస్తుంది. వేరు తవ్వితే ఇంకేముంది? వేరు బలియడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. గింజలు చల్లినా మొలిచేవి కొద్ది. తవ్వేవాళ్ళు మాత్రం ఆగలేదు. అడవుల్లో సర్పగంధ అరుదైపోయింది. 1990 నుంచి దేశాల మధ్య ఒప్పందం ప్రకారం దీన్ని అనుమతి లేకుండా విదేశాలకు పంపకూడదు. ఇప్పుడు కొందరు రైతులు దీన్ని చేలల్లో పెంచుతున్నారు.

చిన్నవాడా, ముంగిస సంగతిలో మీ తాతయ్య ఓడాడు. అయితే ఆ వేరులో ఏదో మహిమ ఉందన్న మాటలో మాత్రం ఆయనదే గెలుపు. ఈ రెండూ ఆయనకు చదివి వినిపించు. వచ్చే నెల తిప్పతీగ.