పాకాలను నడిచి చూద్దాం

వరంగల్, హనుమకొండ, నర్సంపేట ప్రజలకు విన్నపం

మన నిట్‌లో చదివి అమెరికా వెళ్లిన పిల్లలు మోంటానాలోని గ్లేసియర్ నేషనల్ పార్కుకు పోయొస్తే, వారం దాకా వాట్సాప్ స్టేటస్ నిండా అవే ఫొటోలు. మంచు దొలిచిన లోయల్లో నీలి సరస్సులు, కొండ అంచున సన్నటి కాలిబాటలు. 1910లో ఏర్పడిన ఆ పార్కులో నడక దారులే 1,100 కిలోమీటర్ల పైచిలుకు. చూసి మురుస్తాం. మనకు యాభై కిలోమీటర్లలో ఉన్న పాకాల చెరువుకు పోతే మాత్రం కట్ట దగ్గర బండి ఆపి, సెల్ఫీ దిగి, కోడికూర వండుకు తిని తిరిగొస్తాం.

అక్కడ మంచు చేసిన పని ఇక్కడ మనుషులు చేశారు. 13వ శతాబ్దంలో, గణపతిదేవుని ఏలుబడిలో, గుట్టల నడుమ కట్ట పోసి వాగును నిలిపారు. తవ్వించినవాడు జగదాళ ముమ్మడి అని శాసనం చెబుతోంది. ఆ చెరువు నేటికీ పొలాలకు నీళ్లిస్తోంది. ఇక్కడ పుట్టిన మున్నేరు ఖమ్మం మీదుగా పోయి కృష్ణలో కలుస్తుంది. చుట్టూ 860 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, 1952 నుంచి. టేకు, నల్లమద్ది, ఇప్ప, తునికి చెట్లు, ఎలుగులు, చుక్కల దుప్పులు, నీళ్లలో మొసళ్లు. ఇంత సంపదలో మనం చూసేది కట్ట మీది నుంచి కనిపించే కాస్త.

ఆదివారం సాయంత్రం చెట్ల కిందికి వెళ్లి చూడండి. మూడు రాళ్ల పొయ్యి, పక్కన సగం కాలిన కట్టెలు, సెగకు నల్లబడ్డ మద్ది బెరడు, విస్తళ్ల మీద కొట్లాడుకునే కోతులు, గడ్డిలో సీసా పెంకులు. అభయారణ్యానికి ముప్పు తెచ్చేలా అందులో నిప్పు రాజేయడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం 30వ సెక్షన్ కింద నేరం. ఈ సంగతి చెప్పే బోర్డు కన్నా ముందు మనకు డీజే మోత వినిపిస్తుంది.

మేం అడిగేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. గాజు వంతెన వద్దు, జిప్‌లైన్ వద్దు, రిసార్టు అసలే వద్దు. పశువుల కాపరులు, తునికాకు ఏరేవాళ్లు నడిచి నడిచి పడిన బాటల్లో మూడో నాలుగో ఎంచి, రాళ్ల మీద రంగు గుర్తులు వేసి, మ్యాపు గీసి గేటు దగ్గర పెట్టండి. బండ్లు గేటు దగ్గరే ఆగాలి. గుంపుకు పది మందికి మించకుండా, వెంట ఊరి మనిషి ఉండాలి. ఏ మడుగులో మొసలి ఉంటుందో, ఏ పొద్దున ఎలుగు ఇప్పపూలకు దిగుతుందో అతనికి తెలిసినంతగా ఏ యాప్‌కూ తెలియదు. ఆ కూలి అశోక్‌నగర్, ఖానాపూర్ చుట్టుపక్కల కోయ, లంబాడా కుటుంబాలకే దక్కాలి. ఇది గాలిలో మేడ కాదు. మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితులు, అమ్రాబాద్‌లో చెంచు గైడ్లు ఈ పని చేసి చూపించారు.

దారులు వేస్తే జనం పెరిగి అడవి పాడవుతుందని కొందరు పెద్దలు అంటున్నారు. భయం న్యాయమైనదే. అయితే దారి లేనందుకు జనం రావడం మానారా? వచ్చినవాళ్లంతా కట్ట దగ్గరే గుమిగూడుతున్నారు, అక్కడి నేలే నలుగుతోంది. నడిచేవాడు వెంట కుక్కర్ మోసుకురాడు, స్పీకరు అంతకన్నా మోసుకురాడు. ఎండాకాలం నిప్పు భయం ఉన్న నెలల్లో, జంతువులు ఈనే వేళల్లో దారులు మూసేయాలనీ మేమే కోరుతున్నాం.

తీర్మానం ముందు గ్రామసభల్లో జరగాలి, ఆ తర్వాతే అటవీ శాఖ బల్ల మీదికి రావాలి. ఊరివాళ్లు కాదన్న బాట ఎంత అందమైనదైనా వదిలేయాలి. మీవంతుగా ఈ కరపత్రం వెనుక వైపు మీ పేరు, ఊరు రాసి సంతకం చేసి జిల్లా అటవీ అధికారికి పంపండి. ఈసారి పాకాలకు పోయేటప్పుడు అన్నం ఇంటి దగ్గరే మూట కట్టుకుని, ఖాళీ సంచి ఒకటి వెంట తీసుకెళ్లండి.