ముందు పళ్ళచక్రం ఒక్కటే మారిస్తే చాలా?

పిల్లలూ! సరళ యంత్రాల పాఠంలో మీరు తులాదండం, కప్పీ, వాలుతలం చదివే ఉంటారు. పరీక్షలో బొమ్మలూ వేసి ఉంటారు. మరి మీ ఇంటి ముందు నిలబెట్టిన మోటారు సైకిలుకు పళ్ళచక్రాలు ఎన్ని ఉన్నాయో, ఎక్కడ ఉన్నాయో ఎప్పుడైనా చూశారా? చైనుకు తగులుకొని తిరిగేవి రెండు. పెద్దది వెనుక చక్రం పక్కన ఉంటుంది. రెండవది అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నది. ఇంజను పక్కన మూత కింద దాక్కుని ఉంటుంది. మెకానిక్కులు దీన్ని ముందు స్ప్రాకెట్ అంటారు. ఇంజనులో పుట్టిన బలమంతా ఈ చిన్నదాని మీదుగానే చైనుకు, చైను నుంచి వెనుక చక్రానికి చేరాలి.

ఇది అరిగిపోతే ఏం చేయాలి? హైదరాబాదు పాతబస్తీలో శాలిబండ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏ రిపేరు షాపు దగ్గర నిలబడినా ఈ వాదన వినవచ్చు. "ముందుది ఒక్కటే మార్చు భాయ్, చౌకలో పోతుంది" అంటాడు బండి తెచ్చినవాడు. "మారిస్తే మూడూ మార్చాలి, సెట్టు వేయించుకోండి" అంటాడు మెకానిక్. డబ్బు గుంజడానికే అలా అంటున్నాడని మొదటివాడి అనుమానం. నన్నడిగితే చాలాసార్లు మెకానిక్ మాటే నిజం. కానీ అతను కొలిచి చూపించడు, ఇతను కొలవమని అడగడు. లాడ్‌బజారు నుంచి గాజుల పెట్టెలు మోసి ఇల్లు గడుపుకునే మనిషికి ఆ సెట్టు ఖర్చు చిన్నదేమీ కాదు. అంత ఖర్చును ఊహ మీద నిర్ణయించడం నాకు నచ్చదు. మీ సంచిలో ఉన్న స్కేలుతో తేలిపోయే విషయానికి ఇంత తగవెందుకు?

ముందుదే త్వరగా ఎందుకు అరుగుతుందో మొదట చూద్దాం. ముందు చక్రానికి 14 పళ్ళు, వెనుకదానికి 42 ఉన్నాయనుకోండి. చిన్న బండ్లలో ఇంచుమించు ఇలాగే ఉంటాయి. 42ను 14తో భాగిస్తే 3. అంటే వెనుకది ఒక చుట్టు తిరిగేలోపల ముందుది మూడు చుట్లు తిరుగుతుంది. దాని ప్రతి పన్నూ చైనుతో మూడు రెట్లు ఎక్కువసార్లు రాసుకుంటుంది. అంతేకాదు, చిన్న చక్రం మీద చైను ఎక్కువగా వంగాలి. 360 డిగ్రీలను 14తో భాగించండి. ఒక్కొక్క కీలు సుమారు 26 డిగ్రీలు వంగుతోంది. వెనుక అయితే 9 డిగ్రీలు కూడా ఉండదు. వంపు పెరిగినకొద్దీ కీలులో రాపిడి పెరుగుతుంది.

"చైను సాగింది" అనే మాట మీరు వినే ఉంటారు. ఇనుము రబ్బరులాగా సాగదు. చైనులోని ప్రతి కీలులో ఒక పిన్ను, దాని చుట్టూ ఒక గొట్టం, ఆ గొట్టంపైన దొర్లే రోలరు ఉంటాయి. (ఈ రకం చైనును 1880లో ఇంగ్లండులోని మాంచెస్టరులో హాన్స్ రెనాల్డ్ రూపొందించాడు. అప్పటినుంచి దాని కట్టుబడి పెద్దగా మారలేదు.) అరిగేది ఆ పిన్నూ గొట్టమూను. ఒక్కొక్క కీలులో మిల్లీమీటరులో పదవ వంతు అరిగిందనుకుందాం. నూరు కీళ్ళకు కలిపి ఎంత? పూర్తిగా ఒక సెంటీమీటరు! మన ఊరి దుమ్ము పాత నూనెతో కలిసి ముద్దయితే, అది సానరాతి పొడిలాగా పనిచేసి అరుగుదలను ఇంకా పెంచుతుంది. చాలా బండ్లకు చైను మీద పూర్తి మూత ఉంటుంది గనుక లోపలి సంగతి ఎవరి కంటా పడదు.

ఇక కొలత. 100, 125 సి.సి. బండ్లలో ఎక్కువ వాటి చైనుకు పక్కపక్కనున్న రెండు పిన్నుల మధ్య దూరం అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. మెకానిక్ చైను విప్పి కింద పరిచినప్పుడు దాన్ని బిగువుగా లాగి పట్టుకోమనండి. ఒక పిన్ను మధ్యనుంచి మొదలుపెట్టి ఇరవై ఒకటవ పిన్ను మధ్య వరకు కొలవండి. కొత్త చైను అయితే సరిగ్గా 10 అంగుళాలు, అంటే 254 మిల్లీమీటర్లు ఉంటుంది. రెండున్నర మిల్లీమీటర్లు పెరిగితే ఒక శాతం. ఐదు పెరిగితే రెండు శాతం. నాలుగైదు చోట్ల కొలవండి, ఎందుకంటే చైను అంతటా ఒకేలా అరగదు. ఎంతవరకు ఫరవాలేదో బండితో వచ్చిన పుస్తకం చెబుతుంది. రెండు శాతానికి చేరిన చైనును మాత్రం నేను ఉంచమనను.

అలాంటి చైనుకు కొత్త ముందు చక్రం తగిలిస్తే ఏమవుతుంది? కొత్త పళ్ళ మధ్య దూరం అర అంగుళం చైనుకు తగినట్లు ఉంది. పాత చైను కీళ్ళ మధ్య దూరం అంతకన్నా ఎక్కువైంది. రెంటికీ పొత్తు కుదరదు. రోలర్లు పళ్ళ మొదట్లో కూర్చోకుండా పైకి పాకుతాయి. ఐదారు పళ్ళు పంచుకోవలసిన బరువు ఒకటి రెండింటి మీద పడుతుంది. కొత్త చక్రం కొద్దికాలంలోనే పాతదానిలాగా కొక్కేలు తిరుగుతుంది. మిగిలిందనుకున్న డబ్బు అక్కడితో సరి. చైను పళ్ళ మీదినుంచి జారినా, తెగి ఇంజను దగ్గర చిక్కుకున్నా వెనుక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోవచ్చు. మదీనా చౌరస్తా రద్దీలో, వెనుక బస్సు వస్తుండగా అలా జరిగితే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు.

చైను కొలత బాగుండి, వెనుక పళ్ళు రెండు వైపులా సమానంగా ఉంటే ముందుది ఒక్కటే నిశ్చింతగా మార్చుకోవచ్చు. అప్పుడు "సెట్టే వేయాలి" అనే షాపువానితో వాదించే హక్కు మీకుంది.

మరో వింత సలహా కూడా తిరుగుతుంటుంది: 14 పళ్ళ చోట 15 వేస్తే బండి పరుగెడుతుందట! లెక్క చేయండి. 42ను 15తో భాగిస్తే 2.8. ఇంజను అదే వేగంతో తిరుగుతుంటే బండి వేగం 7 శాతం పెరిగిన మాట నిజమే. కానీ వెనుక చక్రాన్ని తిప్పే బలం కూడా దాదాపు 7 శాతం తగ్గింది. యంత్రం ఒకచోట ఇచ్చినదాన్ని మరోచోట తీసుకుంటుంది. పత్తర్‌గట్టీలో అడుగడుగునా ఆగుతూ, సగం క్లచ్చు పట్టుకుని కదిలే బండికి కావలసింది లాగే బలం. అక్కడ 15 పళ్ళవాడు క్లచ్చు ప్లేట్లను అరగదీసుకుంటాడు. కంపెనీ ఇంజనీర్లు లెక్కకట్టి పెట్టిన అంకెను మార్చవద్దనే నా మాట.

బిగించేటప్పుడు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. చైను తగిలించి ఉండగానే వెనుక బ్రేకు నొక్కిపట్టి, పానాతో ముందు చక్రం బోల్టులు వదులు చేస్తారు. చైను కొసలను కలిపే లింకుకు చిన్న క్లిప్పు ఉంటుంది. దాని మూసిన కొన చైను కదిలే వైపు ఉండాలి. తెరిచిన కొన ముందుంటే ఏదైనా తగిలి క్లిప్పు ఊడిపోవచ్చు. చైనును మరీ బిగించకూడదు, పుస్తకంలో చెప్పినంత వదులు ఉంచాలి. ఇంజను ఆడుతుండగా, చక్రం తిరుగుతుండగా చైనును గుడ్డతో తుడవడం, నూనె వేయడం ఎన్నడూ చేయకండి, ఎవరినీ చేయనివ్వకండి. గుడ్డ కొస పళ్ళలో చిక్కితే వేలు కూడా దాని వెంటే పోతుంది. గేరు బండి నడపాలంటే 18 ఏళ్ళు నిండాలి గనుక మీరింకా ఆగాలి. కొలవడానికి లైసెన్సు అక్కరలేదు.

తీసేసిన పాత చక్రాన్ని అడిగి తెచ్చుకోండి, మెకానిక్కులు కాదనరు. కిరోసిన్‌తో కడిగి, కాగితం మీద పెట్టి పెన్సిలుతో చుట్టూ గీయండి. కొత్తదాన్ని బిగించకముందే దానినీ అలాగే గీసి ఉంటే, రెండు కాగితాలను ఒకదానిపై ఒకటి ఉంచి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. ప్రతి పన్నుకూ ఒక పక్కన నెలవంకలాగా సన్నని ఖాళీ కనిపిస్తుంది. చైను ఏ వైపునుంచి లాగిందో దాన్నిబట్టి మీరే చెప్పగలరు.